ఏప్రిల్ మాసపు బ్రూక్లిన్

బేస్‌బాల్ క్రీడలో ఏప్రిల్ మాసమున ఓడిన ఆటకును సెప్టెంబరు మాసమున ఓడిన ఆటకును పట్టికలో విలువ యొక్కటే. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికా దేశపు నేషనల్ లీగులో ఎనిమిది జట్లుండెడివి. ప్రతి జట్టును సాధారణముగ ఏటేట 154 ఆటలు ఆడవలసియుండెను. ఏప్రిల్ నడుమ మొదలై సెప్టెంబరు తుదివఱకు ఇంచుమించు దినమునకొక యాట చొప్పున సాగిన యా సుదీర్ఘమైన పోటీలో ఎవరెక్కువ యాటలు గెలిచిన వారికే పతాకము దక్కెడిది. పతాకము దక్కిన జట్టు మాత్రమే అమెరికన్ లీగు విజేతతో అక్టోబరున వరల్డ్ సీరీస్ అను తుది పోరునకు దిగెడిది. ఇంత దీర్ఘమైన ఋతువులో తొలి పది యాటల ఫలితమును చూచి బెంగపడుట అవివేకమని పత్రికా రచయితలును, ఆటగాండ్రును, జట్ల యజమానులును అభిమానులకు బోధించుట పరిపాటి. న్యూయార్క్ మహానగరమున తూర్పునది కావలి యొడ్డుననున్న బ్రూక్లిన్ ప్రజలు మాత్రము ఈ బోధను ఎన్నడును చెవినిబెట్టలేదు. వారు పెట్టకుండుటయే న్యాయమని నా యభిప్రాయము. అందులకు వారి జట్టు చరిత్రయే సాక్ష్యము.

బ్రూక్లిన్ 1898 వఱకు స్వతంత్ర నగరము. ఆ యేటి జనవరి 1న న్యూయార్కులో విలీనమై, సొంత మేయరును సొంత పురపాలక సంఘమును కోల్పోయి, మహానగరములో నొక భాగమై మిగిలెను. నది కావల మన్‌హాటన్‌లో ఎత్తైన భవనములు, బ్యాంకులు, నాటకశాలలు. ఈవల వలస వచ్చిన ఐరిషు, ఇటాలియను, యూదు కుటుంబముల చిన్న యిండ్లు, కర్మాగారములు, ఓడరేవులు. తమదని గట్టిగా చెప్పుకొనుటకు బ్రూక్లిన్ వారికి మిగిలిన వానిలో డాడ్జర్సు అను బేస్‌బాల్ జట్టు అన్నిటికంటె దగ్గరిది. మన్‌హాటన్‌లోని జైంట్సు వారికి దాయాదులు. నగరపు మూడవ జట్టు యాంకీలు కలవారి బిడ్డలు. ఈ భావము తరతరములుగా పాదుకొని యుండుటచేత, అచ్చట ఆటలో ఓటమి ఆటతోనే ముగిసెడిది కాదు.

ఈ క్రీడను అంకెలలో చదువుట నేర్పిన వాడును బ్రూక్లిన్ వాడే. ఇంగ్లండున ఎక్సెటర్ పట్టణమున పుట్టి, బాల్యముననే అమెరికా చేరి, బ్రూక్లిన్‌లో స్థిరపడిన హెన్రీ చాడ్విక్ అను పత్రికా రచయిత, ఆట మొత్తమును చిన్న పట్టికలోనికి కుదించి, ఎవరెన్ని పరుగులు తీసిరో, ఎవరెన్ని తప్పులు చేసిరో మఱునాటి పత్రికలో ఒక్క చూపున తెలియు విధమును రూపొందించి, ప్రచారమునకు తెచ్చెను. ఆటకు పోలేని వాడు సైతము ఉదయమున కాఫీ త్రాగుచు ఆ పట్టికను చదివి తన జట్టు బలాబలములను తూచుకొనగలిగె ననిన, అది చాడ్విక్ చలవయే. 1908 జనవరిలో మోటారుకారు తగిలి కొన్ని వారములు మంచమున బడి లేచిన యా వృద్ధుడు, ఋతువు మొదలగుటకు ముందు వారమున జైంట్సు మైదానమైన పోలో గ్రౌండ్స్‌లో నొక యాట చూడబోయి జలుబు తెచ్చుకొనెను. అది ముదిరి ఏప్రిల్ 20న కన్నుమూసెను. తుది దినములలో స్పృహ తప్పి, మరల కొంత తెలివి వచ్చినప్పుడు, ముందటి దినమున బ్రూక్లిన్ జట్టునకును న్యూయార్క్ జట్టునకును జరిగిన యాట ఏమాయెనని యడిగెనట. ఎనుబది మూడేండ్ల వయసున, మరణశయ్యపై, ఏప్రిల్ నెల యాటను గుఱించి ఆరాటపడిన ఈ మనిషిని బ్రూక్లిన్ అభిమానులకు మూలపురుషునిగా నేను తలతును.

జట్టు అధ్యక్షుడు చార్లెస్ ఎబెట్స్ టిక్కెట్లమ్ముచు, లెక్కలు వ్రాయుచు చేరి, క్రమముగా యాజమాన్యమున కెదిగినవాడు. పందుల పాకలును చెత్తగుంటలును నిండిన యొక పేటలో, ఎవరికిని అనుమానము రాకుండ, తునుక తునుకగా స్థలమును కొని, 1913లో అచ్చట ఎబెట్స్ ఫీల్డు అను క్రీడాస్థలమును నిర్మించెను. ఆ యేటి ఏప్రిల్ 9న అందు తొలి ఋతువాట. ఎముకలు కొఱుకు చలి. పతాకావిష్కరణ కని ప్రముఖులు మైదానము చివఱివఱకు నడచి వెళ్లినపుడు జెండా తెచ్చుటయే మఱచిరని తేలెనట. పత్రికల వారు కూర్చుండుటకు తగిన గది కట్టుటయు మఱచిరి. ఆ దినమున ఫిలడెల్ఫియా జట్టు చేతిలో 1-0 తో బ్రూక్లిన్ ఓడెను. పండ్రెండేండ్ల తరువాత, 1925 ఏప్రిల్ 18న, ఋతువు మొదలై కొన్ని దినములైన గాకమునుపే ఎబెట్స్ మరణించెను. గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో, త్రవ్విన గోతిలో శవపేటిక పట్టక, దానిని పెద్దది చేయువఱకు జనులు చలిగాలిలో నిలువవలసివచ్చెను. అచ్చట జలుబు పట్టిన సహయజమాని ఎడ్ మెకీవర్ ఆ నెల ముగియకమునుపే కాలధర్మము నొందెను. బ్రూక్లిన్‌కు ఏప్రిల్ అనిన ఏల గుబులో ఇట్టి జ్ఞాపకముల వలన కొంత తెలియును.

ఐనను గుబులుతో పాటు ఆశ యుండెడిది. ఫిబ్రవరి, మార్చి నెలలలో జట్టు దక్షిణాన వెచ్చని ప్రదేశములకు సాధనకై పోయెడిది; అచ్చటినుండి పత్రికల వారు దినదినము వార్తలు పంపెడివారు. ఎవని భుజము బాగుపడినది, ఏ కుఱ్ఱవాని బంతి పదునుగా నున్నది, ఏ వృద్ధుని మోకాలు సహకరించుట లేదు - ఈ వార్తలను బ్రూక్లిన్ వారు, మన పల్లెలలో ఉగాదినాడు అరుగుమీద కూర్చుండి కందాయ ఫలములు వినువారి వలె, మంచిని నమ్మి చెడును లోలోపల లెక్కవేసికొనుచు చదివెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రయాణములపై ఆంక్షలుండుటచేత 1943 మొదలు 1945 వఱకు జట్టు దక్షిణమునకు పోక, న్యూయార్క్ రాష్ట్రముననే, బేర్ మౌంటెన్ అను కొండలనడుమ, మంచు కురియుచుండగా సాధన చేసెను. వాతావరణము అనుకూలింపనపుడు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయపు పెద్ద సాల లోపల బంతులు విసరుకొనిరి. ఆ యేండ్లలో మంచి యాటగాండ్రనేకులు సైన్యమున నుండిరి. అప్పటి ఏప్రిల్ మాసములలో అభిమానుల బెంగ ఆటతో ఆగినది కాదు.

ఏప్రిల్ మాసము ఎట్లు మురిపించునో తెలియవలెననిన 1940ని చూడవలెను. ఆ యేట డాడ్జర్సు వరుసగా తొలి తొమ్మిది యాటలు గెలిచిరి. తొమ్మిదవ యాటలో, ఏప్రిల్ 30న, టెక్స్ కార్ల్‌టన్ అను పిచ్చరు (బంతి విసరువాడు) సిన్సినాటి వారికి ఒక్క హిట్టునైన నీయక గెలిపించెను. నగరమంతయు పతాకము చేజిక్కినట్లే పొంగిపోయెను. అప్పటికి ఏడాది క్రిందటనే రెడ్ బార్బర్ అను వ్యాఖ్యాత రేడియోలో బ్రూక్లిన్ యాటలను వినిపింప నారంభించి యుండెను. అంతకు ముందు న్యూయార్క్ జట్లు మూడును ప్రసారములకు ఒప్పుకొనక ఒడంబడికతో నుండెడివి. ఎండ మొగము చూచి కిటికీలు తెఱచుకొను దినములలో ఇంటింటి రేడియోనుండి ఆ దక్షిణదేశపు మెత్తని పలుకు వీధిలోనికి వచ్చుచుండగా, కాయగూరలు కొనబోయిన యిల్లాలు సైతము ఆట వినుచునే పోయి, వినుచునే తిరిగి వచ్చెడిది. ఋతువు ముగిసినపుడు బ్రూక్లిన్ రెండవ స్థానము. అదే సిన్సినాటి జట్టు పండ్రెండు ఆటల తేడాతో పతాకము నెత్తుకొనిపోయెను. మఱుసటియేట పతాకము వచ్చెను గాని వరల్డ్ సీరీస్‌లో యాంకీలు ఓడించిరి. “వచ్చేయేడు చూచుకొందము” అను మాట బ్రూక్లిన్ నోట స్థిరపడినది ఆ దినములనుండియే.

ఏప్రిల్ బెంగలు అర్థరహితములను వారికి నేను మూడు సంవత్సరముల లెక్క చూపుదును. 1942లో డాడ్జర్సు 104 ఆటలు గెలిచిరి; సెయింట్ లూయిస్ కార్డినల్సు 106 గెలిచిరి. 1946లో రెండు జట్లును సమానముగా 96 గెలిచి, విడిగా ఆడిన అదనపు ఆటలలో బ్రూక్లిన్ ఓడెను. 1950లో చివరి దినమున పదవ ఇన్నింగ్స్‌లో డిక్ సిస్లర్ హోం రన్నుతో ఫిలడెల్ఫియా వారు పతాకమును తీసికొనిపోయిరి. ఈ మూడేండ్లలో ఏ యేటనైనను, ఏప్రిల్‌లో చేజార్చుకొన్న ఒకటి రెండు ఆటలు దక్కియుండిన యెడల చరిత్ర మఱియొక విధముగ నుండెడిది. సెప్టెంబరులో ఆ ఆటలను తలచుకొని కుమిలిన వాడే మఱుసటి ఏప్రిల్‌లో మొదటి ఓటమికి తల్లడిల్లెను. అతడు లెక్క తెలిసినవాడు.

1947 ఏప్రిల్ విషయము వేరు. ఆ ఋతువు తొలి యాటకు ఆరు దినములు ముందు, ఏప్రిల్ 9న, మేనేజరు లియో డ్యూరోషర్‌ను బేస్‌బాల్ కమిషనరు ఒక యేడు బహిష్కరించెను. మఱునాడే, జాకీ రాబిన్సన్ అను నల్లజాతి యాటగాని బ్రూక్లిన్ జట్టులోనికి తీసికొనుచున్నట్లు జట్టు అధ్యక్షుడు బ్రాంచ్ రికీ ప్రకటించెను. అర్ధశతాబ్దికి పైగా ఆ పెద్ద లీగులలో నల్లవారికి ప్రవేశము లేకుండెను. వ్రాతలో లేని ఆ నిషేధము వ్రాసిన శాసనముకంటె గట్టిగా అమలయ్యెడిది. ఏప్రిల్ 15న ఎబెట్స్ ఫీల్డులో బోస్టన్ బ్రేవ్సుతో తొలి యాట. ఇరువదియైదు వేల పైచిలుకు జనము వచ్చిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది నల్లవారని నాటి వృత్తాంతములు చెప్పును. ఇతర అభిమానులు ఋతువు ఎట్లు సాగునో యని చూచుచుండగా, వారు ఒక్క మనిషి నిలుచునో లేదో యని ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. రాబిన్సన్‌కు ఆ దినమున హిట్టు రాలేదు. ఐనను ఏడవ ఇన్నింగ్స్‌లో ప్రతిపక్షపు తప్పువలన బేసు చేరి, తుదకు ఆధిక్యమునిచ్చిన పరుగును తానే తీసెను. బ్రూక్లిన్ 5-3 తో గెలిచెను.

నిజమైన పరీక్ష ఒక వారము గడచిన తరువాత వచ్చెను. ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా జట్టు ఎబెట్స్ ఫీల్డునకు వచ్చి, వారి మేనేజరు బెన్ చాప్‌మన్ మొదలుగా, ఆటగాండ్రు కూర్చుండు చోటినుండి రాబిన్సన్‌ను చెవులు మూసికొనవలసిన మాటలతో తిట్టిరి. బదులు పలుకకుండుట అతడు రికీకి ఇచ్చిన మాట. పోనుపోను బ్యాటు కూడ మూగవోయెను. వరుసగా ఇరువది సారులు నిలిచి ఒక్క హిట్టునైన కొట్టలేకపోయెను. అంతకంటె తక్కువ వైఫల్యమునకే కొత్తయాటగాండ్రను చిన్న లీగులకు పంపివేయుట సామాన్యము. అతనిని పంపివేసిన యెడల ఆ ద్వారము మరల ఎన్నేండ్లకు తెఱచుకొనెడిదో ఊహింపజాలము. జట్టు అతనిని నిలిపియుంచెను, అతడును నిలిచెను. ఋతువు ముగియునప్పటికి సగటు .297, ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదము, బ్రూక్లిన్‌కు పతాకము. ఏప్రిల్ చివరి వారమున అతని పట్టిక చదివి గుండె చిక్కబట్టుకొన్న వారి ఆందోళనను మించిన యాందోళన ఈ క్రీడ చరిత్రలో మఱియొకటి లేదని నా విశ్వాసము.

ఇక 1951. ఆ ఏప్రిల్‌లో కుంగిపోయినవారు బ్రూక్లిన్ వారు కారు. నది కావలి జైంట్సు అభిమానులు. ఆ యేట మేనేజరు, విచిత్రముగా, బ్రూక్లిన్ విడిచి పోయిన డ్యూరోషరే. అతని జట్టు ఋతువాదిలోనే వరుసగా పదునొకండు ఆటలు ఓడెను. వానిలో అనేకము బ్రూక్లిన్ చేతిలోనే. తొలి పదునాలుగు ఆటలలో వారి గెలుపులు రెండు. బ్రూక్లిన్ వీధులలో ఆ నెల దాయాదుల పతనము పండుగగా జరిగెను. కాని ఏప్రిల్ 30న జైంట్సు ఆ వరుసను తెంచుకొన్నది డాడ్జర్సునే ఓడించి. ఆగస్టు నడుమకు బ్రూక్లిన్ ఆధిక్యము పదమూడున్నర ఆటలు. ఋతువు తుదకు ఇరుజట్లకును సమానముగా 96 విజయములు. అక్టోబరు 3న, అదనపు మూడవ యాటలో, తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో బాబీ థామ్‌సన్ కొట్టిన హోం రన్నుతో పతాకము నది దాటి పోయెను. దాయాదులు పదునొకండు ఆటలు ఓడినపుడు బ్రూక్లిన్ నవ్విన నవ్వులను ఆ దినమున ఎందరు తలచుకొని యేడ్చిరో!

బ్రూక్లిన్ అభిమానుల మనసు ఎట్టిదో దగ్గరనుండి చూపునది మాత్రము గిల్ హాడ్జెస్ కథ. మొదటి బేసున నిలుచు ఈ పెద్దశరీరపు నెమ్మదస్థుడు 1952 వరల్డ్ సీరీస్‌లో ఏడాటలలో ఇరువదియొక్క సారి ప్రయత్నించి ఒక్క హిట్టైన కొట్టలేదు. శీతాకాలమంతయు దానిని తలపోయుచు గడిపిన నగరము, 1953 ఏప్రిల్ వచ్చునప్పటికి అతడు కోలుకొనునని ఆశించెను. కోలుకొనలేదు. మే నడుమకు సగటు .200 కంటె దిగువకు జారి, మేనేజరు అతనిని కొన్ని దినములు ప్రక్కన కూర్చుండబెట్టవలసివచ్చెను. అట్టి సమయమున ఇతర నగరముల మైదానములలో ఆటగానిని కేకలతో కించపఱచుట వాడుక. హాడ్జెస్‌పై ఎబెట్స్ ఫీల్డులో ఒక్క వెక్కిరింత వినబడలేదు. అతని యింటికి ఉత్తరములు, జపమాలలు, అదృష్టమునకని చిన్న చిన్న వస్తువులు, బ్యాటు పట్టుకొను తీరునకు సలహాలు కుప్పలుగా వచ్చెను. ఒక ఆదివారము, ఉక్కగా నున్న పూట, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చిలో ఫాదర్ హెర్బర్ట్ రెడ్మండ్ ఉపన్యాసము మానుకొని, ఇంటికి పోయి దైవాజ్ఞలను పాటించి గిల్ హాడ్జెస్ కొఱకు ప్రార్థింపుడని తన సంఘమును పంపివేసెను. మేనేజరు చక్ డ్రెస్సెన్ అతని బ్యాటింగును చలనచిత్రముగా తీయించి, బంతి వచ్చునపుడు ఎడమ పాదము వెనుకకు లాగుకొనుచున్న లోపమును అతని కన్నులకే చూపెను. ప్రార్థన పనిచేసెనో చిత్రము పనిచేసెనో నేను నిర్ణయింపను. ఆ ఋతువు తుదకు అతని సగటు .302, హోం రన్నులు 31.

1955లో డాడ్జర్సు తొలి పది యాటలు వరుసగా గెలిచి, ఇరువది నాలుగు ఆటలు ముగియునప్పటికి ఇరువదిరెండు గెలిచి యుండిరి. ఇంతటి యారంభమును చూచియు మైదానమునకు వచ్చువారు పలుచగనే యుండిరి. 1940 తొమ్మిది విజయములను, 1951 పదమూడున్నర ఆటలను ఎరిగినవారు సులభముగ సంతోషింతురా? అక్టోబరు 4న యాంకీ స్టేడియమున జానీ పోడ్రెస్ 2-0 తో ఏడవ యాటను గెలిపించి, బ్రూక్లిన్‌కు తొలి వరల్డ్ సీరీస్‌ను సమకూర్చువఱకు వారు నమ్మలేదు. ఆ రాత్రి మాత్రము వీధులలో జనము తెల్లవాఱువఱకు నిదురింపలేదు.

కాని ఆ యేటనే కొత్త బెంగ మొలకెత్తెను. కొత్త మైదానము కావలెనని పట్టుబట్టిన జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, అతడు కోరిన స్థలము నీయ నిరాకరించిన నగరాధికారి రాబర్ట్ మోజెస్ - వీరి వివాదము ముదిరి, 1956 ఏప్రిల్ 19న డాడ్జర్సు తమ సొంత యాటలలో నొకదానిని నది దాటి, రాష్ట్రము దాటి, జెర్సీ సిటీలో ఆడిరి. అంతవఱకు ఏప్రిల్‌లో జట్టు గెలుచునా యని యడిగిన వారు అప్పుడు జట్టు ఉండునా యని యడుగ మొదలిడిరి. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డులో జరిగిన చివరి యాటకు వచ్చినవారు 6,702 మంది. 1958 ఏప్రిల్‌లో డాడ్జర్సు లాస్ ఏంజెలెస్ నగరమున 78,672 మంది ముందర తొలి సొంత యాట నాడిరి. బ్రూక్లిన్‌లో మాత్రము ఆ ఏప్రిల్‌లో ఎదురుచూచుటకు ఏమియు లేకుండెను. జైంట్సు కూడ శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయిరి గావున తిట్టుటకు దాయాదులైనను మిగులలేదు. 1960 ఫిబ్రవరి 23న, జట్లన్నియు సాధనకై దక్షిణమునకు తరలు వేళ, బేస్‌బాల్ బంతి వలె రంగు వేసిన యినుపగుండుతో ఎబెట్స్ ఫీల్డును పడగొట్టుట మొదలిడిరి.

1962లో న్యూయార్కునకు మెట్సు అను కొత్త జట్టు వచ్చెను. డాడ్జర్సు నీలిరంగును జైంట్సు నారింజరంగును కలిపి ధరించిన యీ జట్టునకు మేనేజరు, ఒకప్పుడు బ్రూక్లిన్ యాటగాడును తరువాత బ్రూక్లిన్ మేనేజరును ఐన కేసీ స్టెంగెల్. మొదటి బేసున గిల్ హాడ్జెస్, పిచ్చరులలో ఒకప్పుడు బ్రూక్లిన్‌కు ఆడిన రోజర్ క్రెయిగ్. ఏప్రిల్ 11న సెయింట్ లూయిస్‌లో తొలి యాటలో మెట్సు 11-4 తో ఓడిరి. వారి తొలి హోం రన్నును హాడ్జెస్ కొట్టెను. రెండు దినముల తరువాత పోలో గ్రౌండ్స్‌లో, చలిలో, తడి గాలిలో, పండ్రెండు వేల పైచిలుకు జనము ముందర మరల ఓడిరి. అటు పిమ్మట వరుసగా తొమ్మిదవ ఓటమి వఱకు ఓడిరి. పాత బ్రూక్లిన్ వారు నది దాటి, ఒకప్పుడు తాము అసహ్యించుకొన్న జైంట్సు మైదానమునకే పోయి, ఈ కొత్త జట్టు ఓటములకు మనఃపూర్వకముగా తల్లడిల్ల నారంభించిరి. ఏప్రిల్ 23న పిట్స్‌బర్గ్ నగరమున, జే హుక్ అను పిచ్చరు ఆట మొత్తమును తానే విసరి, మెట్సుకు 9-1 తో తొలి గెలుపు సంపాదించి పెట్టెను.